వావిలాకు వాసన

ఇస్త్రీ ఆయన గుడ్డసంచిలోంచి సీసా తీసి గుమ్మం పక్క అరుగు మీద పెట్టాడు. పెట్టి చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు. తప్పు తనే చేసినవాడిలా మూత మీద వేలు ఆనించి నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండి పెద్దమ్మా. ఈసారి నూనె కొంచెం తేడాగా ఉంది. భుజానికి రాసుకుంటే మా ఇంటావిడ మంచం ఆ చివరికి జరిగిపోతోంది."

వావిలి నూనెకు ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. వంక పెట్టడం తన వృత్తిగా భావించే, వాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చిన యజమాని కూడా మోకాళ్ళ దగ్గరకొచ్చేసరికి నోరుమూసుకుని సీసా పట్టుకెళ్ళేవాడు. కాచే మనిషిని అందరూ ముక్కత్త అనేవారు. వెనకా అనేవారు, ముందూ అనేవారు. ఎవరింట్లో పాలు అడుగంటాయో, ఎవరు బట్టలు తడి ఆరకుండానే మడతపెట్టారో, ఎవరి బియ్యం డబ్బాలో పురుగు పడబోతోందో తన గుమ్మంలో కూర్చునే చెప్పేది. కోపం కూడా ముక్కు మీదే ఉండేది కనక పేరు రెండు విధాలా సరిపోయింది.

ముక్కత్త మూత తీసి సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఇంకొంచెం ఆనించి గట్టిగా పీల్చింది. గాజు చల్లదనం ముక్కు కొసకు తెలిసింది తప్ప నూనె తెలియలేదు. చలికాలంలో వచ్చిన జ్వరం ఒళ్ళంతా పిండి, పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుపోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అదే వస్తుందిలే అనుకుంది. ఎండలు ముదిరినా రాలేదు.

ముక్కుకు తెలియనిది ఎదుటివాళ్ళ మొహంలో వెతుక్కోవడం ఈ మధ్య అలవాటైంది. ఇస్త్రీ ఆయన పెదవి ఒక పక్కకు లాగి ఉంది. ముక్కిన వాసన కాబోలు. అంటే నూనెలో నీటిచెమ్మ ఉండిపోయింది. అంటే పొయ్యి మీద నుంచి ముందే దించేసింది.

"సీసా తడిగా ఉండి ఉంటుంది," అంది ముక్కత్త. "కడిగింది ఆరకుండా నింపితే ఇలాగే ఏడుస్తుంది."

సీసాలు కడిగి ఆరబెట్టేది కోడలు. ఆ సంగతి ఇస్త్రీ ఆయనకూ తెలుసు. లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

"అయ్యుంటుందండి," అంది కోడలు లోపలి నుంచి. "ఆ రోజు మబ్బుగా ఉంది. సరిగ్గా ఆరలేదేమో."

ఆ రోజు ఎండ చుర్రుమంది. నింపేటప్పుడు సీసాలు చేతికి వేడిగా తగలడం ముక్కత్తకు బాగా గుర్తు. కోడలు ఎందుకు ఒప్పుకుందో అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. గండం గడిచింది, అంతే చాలు అనుకుంది. కానీ ఇస్త్రీ ఆయన లోపలివైపు చూసి, పోనీలే అన్నట్టు తల ఊపినప్పుడు మాత్రం ఆమెకు సిగ్గేసింది.

"కొత్తది కాచి ఇస్తాలే," అంది. "అంతవరకూ ఆకు వేడిచేసి మూటకట్టి కాపడం పెట్టుకో. పెట్టె ఎడం చేత్తో తొయ్యి."

"ఎడం చేత్తో చొక్కా ఇస్త్రీ చేస్తే అది చొక్కాలా ఉండదు పెద్దమ్మా," అని నవ్వి ఆయన వెళ్ళిపోయాడు.

మిషన్ మళ్ళీ మొదలైంది. ఆ మిషన్ అంటే ముక్కత్తకు కొన్నాళ్ళుగా ఒళ్ళు మంట. ఇదివరకు ముందుగదిలో కిటికీ కింద, బంగారం లాంటి వెలుతురులో ఉండేది. జ్వరం తగ్గి లేచేసరికి వంటగది గడప దగ్గరకు వచ్చి కూర్చుంది. అక్కడ గాలీ రాదు, వెలుగూ రాదు. కోడలు సూదిలో దారం ఎక్కించడానికి గుడ్డను మొహానికి ఆనించుకుని కళ్ళు చికిలించాల్సి వచ్చేది. "ముందుగది వేడిగా ఉంటోందత్తయ్యా," అంది అడిగితే. వేడీ లేదు, గీడీ లేదు. తను పెట్టే కూరలో ఉప్పెంత, కాచే నూనెకు మంటెంత అని లెక్క చూసుకోవడానికే ఆ గడప పట్టిందని ముక్కత్త నమ్మకం. ఇంటి పెత్తనం ఏదో ఒకనాటికి కోడలిదే అవుతుంది, కాదనలేదు. కానీ అత్త ఇంకా గరిటె పట్టుకుని ఉండగానే గడపలోకి వచ్చి కూర్చోవాలా?

కొడుకు గ్యాస్ సిలిండర్లు వేస్తాడు. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటే ఆ రోజు ఎక్కిన మెట్లన్నీ నోటితో మళ్ళీ ఒకసారి ఎక్కుతాడు. తినేటప్పుడు మాట్లాడకురా అని తల్లి చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. అతను ఆ మాటకు కూడా జవాబు చెబుతూ తింటాడు.

"ఇవాళ ఒకళ్ళింట్లో గుమ్మం దగ్గరే గుప్పుమంది. లోపలికి వెళ్తే పెద్దాయన హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. ఏమండీ, వాసన రావడం లేదా అంటే, ఏ వాసన అన్నాడు. పాపం, ముక్కు పోయిందట. ఎప్పుడు పోయిందో ఇంట్లోవాళ్ళకే తెలీదు."

ముక్కత్త వడ్డిస్తున్న చెయ్యి గిన్నె మీదే ఆగింది.

"మరి?" అంది కోడలు.

"మరి ఏముంది, వాళ్ళ పిల్లల్ని పిలిచి గట్టిగా చెప్పా. ఆయన బాధపడితే పడనీ, ఇక పొయ్యి ముట్టుకోనివ్వకండి, ఆ గదిలోకే రానివ్వకండి అని. ఇందులో మొహమాటాలు పనికిరావు." ఇంకో ముద్ద తిని తల్లి వైపు తిరిగాడు. "అవునమ్మా, నా దిండులో ఆకు మార్చడం మానేశావా? రాత్రి ముక్కు పట్టేస్తోంది. తల పెడితే ఉత్త దూదిలా ఉంది."

ఎండిన వావిలాకు దిండులో పోయడం ముక్కత్త పనే. వాసన చచ్చిందనిపించగానే తీసి కొత్తది నింపేది. బియ్యం డబ్బాలో వేసేదీ అంతే, ఉన్నిబట్టల మడతల్లో పెట్టేదీ అంతే. సాయంత్రాలు దోమలకు పొగవేసే ఆకు కూడా ఆమె చేతి మీదుగానే వెళ్ళాలి. అన్నిటికీ ముక్కే కొలత. ఇప్పుడు ఆ కొలత పోయి, ఏది ఎప్పుడు మార్చాలో తెలియక, అడిగినప్పుడు మార్చడమే పని అయింది.

"రేపు మారుస్తాలే," అంది.

"ఇస్త్రీ ఆయన కనిపించాడు," అన్నాడు కొడుకు. ఈసారి మాట భార్యతో. "సీసా సంగతి చెప్పాడు. కడిగింది ఆరిందో లేదో చూసుకోవా? అమ్మ ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు, ఒక్క సీసాతో మంటగలుపుతావా?"

కోడలు కంచంలోకి చూస్తూ, "ఈసారి చూసుకుంటా," అంది.

ముక్కత్త గొంతు దాకా ఒక మాట వచ్చింది. కానీ ఆ పేపరు చదువుకునే పెద్దాయన కళ్ళ ముందే కూర్చుని ఉన్నాడు. ఈ ఇంట్లో ఆమెకు ఉన్నది ఒక్క పొయ్యి. మాట మింగేసి, కోడలి కంచంలో అడక్కుండానే ఇంకొంచెం కూర వేసింది. కోడలు తలెత్తి చూసింది. ముక్కత్త చూపు తప్పించుకుని గిన్నెలు సర్దింది.

మర్నాడు పొద్దున ఎండ ఎక్కకముందే రైలుకట్ట వెంబడి వావిలి పొదల దగ్గరకు వెళ్ళింది. ఎవరూ నాటింది కాదు, ఎవరూ నీళ్ళు పోసేది కాదు. ఎంత నరికితే అంత గుబురుగా లేస్తుంది. ఆకు వేళ్ళలా విచ్చుకుని, పైన ముదురుపచ్చగా, కింద బూడిద రాసినట్టు ఉంటుంది. మేకలు కూడా వాసన చూసి పక్కకు పోతాయి. ముక్కత్త లేతదీ ముదురుదీ కాని ఆకు చూసి, కొమ్మను వంచి, ఈనెతో సహా కిందికి దూసి బుట్టలో వేసుకుంది. ఆ బుట్టా వావిలి బెత్తాలతో అల్లిందే. వేళ్ళు ఆకుపసరుతో జిగటబడ్డాయి. అలవాటుగా వేళ్ళను ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. తెచ్చుకుని, పిచ్చిదానిలా అలాగే కాసేపు ఉంచుకుంది.

ఇంటికొచ్చి ఆకు కడిగి, పాతచీర మీద నీడన పరిచింది. తడి పోయాక రోట్లో వేసి దంచింది. మిక్సీలో వేస్తే ఆకు వేడెక్కి కమురుతుందని ఆమె పట్టు. కోడలు వచ్చి రోకలి అందుకోబోతే, "నువ్వు నీ జాకెట్లు చూసుకో," అంది. ముద్దను గుడ్డలో వేసి, ముడివేసి, మెలితిప్పి పిండితే చిక్కటి పసరు గిన్నెలోకి దిగింది. వెడల్పు గిన్నెలో నువ్వులనూనె పోసి, పసరు కలిపి, పొయ్యి మీద పెట్టి, మంట కనిపించీ కనిపించనంత సన్నంగా తగ్గించింది.

ఇంతవరకూ చేతుల పని. చేతులు ఏదీ మర్చిపోలేదు. అసలు కష్టం ఇక్కణ్ణుంచే. పసరులోని నీరు ఇగిరేదాకా నూనె చిటపటలాడుతుంది. నీరంతా పోయిన క్షణాన వాసన మారుతుంది. పచ్చివాసన పోయి, వేయించిన గింజల వాసనలాంటిది లేస్తుంది. అప్పుడు దించాలి. ముందు దించితే ముక్కుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. దించడం మాత్రం ఇంతకాలం ఆమెదే. ఇంకొకరి చెయ్యి గిన్నెకు తగలనిచ్చేది కాదు.

వాసన పట్టడం రానివాళ్ళకు ఇంకో పద్ధతి ఉంది. దూదివత్తిని ఆ నూనెలో ముంచి వెలిగిస్తే, చెమ్మ ఉంటే చిటచిటమంటుంది, లేకపోతే మాట్లాడకుండా మండుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు ఒకసారి అలా వత్తి చేసుకుని వస్తే, ముక్కత్త వీధంతా వినేలా నవ్వింది. "వత్తి పెట్టి వంట చేసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా," అంది. ఆ మాట పట్టుకుని వీధిలో చాలాకాలం నవ్వుకున్నారు. కోడలు మళ్ళీ నూనె జోలికి రాలేదు.

ఇప్పుడు ముక్కత్తకు వత్తి కావాలి. గడపలో మిషన్ తొక్కుతూ కోడలు ఉంది.

"అమ్మాయ్, ఉప్పు అయిపోయింది. కొట్టుకెళ్ళి పట్రా."

"డబ్బాలో ఉందిగా అత్తయ్యా."

"అది పాతది. పట్రా."

"ఈ జాకెట్ చెయ్యి అతికించేసి వెళ్తా."

"నేనే వెళ్ళాలా ఇప్పుడు?"

కోడలు లేచింది. చెప్పులు వేసుకుంది. వీధిగుమ్మం దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసింది. ఆమె వెళ్ళడం ఎందుకంత కష్టంగా ఉందో ముక్కత్తకు తెలియలేదు. నూనె మాడితే చూసి ఆనందించాలని కాబోలు అనుకుంది. అలా అనుకుంటే మనసుకు కొంచెం సుఖంగా కూడా అనిపించింది.

పాత దిండులోంచి దూది లాగి, పొయ్యికి వీపుపెట్టి, తొడ మీద వత్తి నులిమింది. చాలాకాలం నవ్విన పని కనక చేతికి సరిగ్గా రాలేదు. ఒకటి విడిపోయింది. ఇంకొకటి చేస్తుంటే వెనక నూనె నురగ లేచి గిన్నె అంచు దాటి జారింది. ఆమె చూడలేదు. చూసేసరికి గిన్నె పక్కన కొంచెం నూనె మరక, అంతే. చిటపట ఆగిపోయింది.

చెవి పెట్టి విన్నది. నిజంగానే ఆగింది. సన్నగా బుస్సుమనే చప్పుడేదో ఉంది కానీ, వేడి నూనె అలా నిట్టూర్చడం మామూలే. నీరు ఇగిరిపోయింది! ముక్కు లేకపోతేనేం, చెవులున్నాయి అనుకునేసరికి, జ్వరం తరవాత మొదటిసారి ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది. వత్తిని నూనెలో ముంచింది. గట్టు మీద అగ్గిపెట్టె తీసుకుంది. పుల్ల తీసి పెట్టె అంచున ఆనించింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పుల్లనూ, పెట్టెనూ, ఆమె వేళ్ళనూ కలిపి గట్టిగా మూసేసింది.

అది కోడలి చెయ్యి. రెండో చేత్తో పొయ్యి మీట తిప్పి కట్టేసింది. సిలిండర్ కూడా కట్టేసింది. అత్త చెయ్యి వదలకుండానే ఆమెను గడప దాటించి, ముందుగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, అప్పుడు వెళ్ళి కిటికీలు, తలుపులు అన్నీ బార్లా తెరిచింది. తిరిగివచ్చేసరికి ఆమె కాళ్ళకు చెప్పులు అలాగే ఉన్నాయి. చేతిలో ఉప్పు లేదు.

"మంట ఆరిపోయిందత్తయ్యా," అంది. "నురగ పొంగి ఆరిపోయింది. నూనె చప్పుడు అందుకే ఆగింది."

ముక్కత్త తన చేతుల వైపు చూసుకుంది. వత్తి ఇంకా వేళ్ళ మధ్యే ఉంది, నూనె చీర మీద కారుతోంది.

"కొట్టుకు వెళ్ళలేదా?"

"వీధి చివరిదాకా వెళ్ళా. కాళ్ళు ఆడలేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గి లేచారు చూడండి, అప్పట్నుంచి. ఇదివరకు సీసా మూత తీస్తే చాలు, మీ మొహం టక్కున వెనక్కి వెళ్ళిపోయేది. ఇప్పుడు సీసాకు ముక్కు ఆనించి అలాగే ఉంచేస్తున్నారు. వాసన తెలిసేవాళ్ళు అంతసేపు ఉంచరు."

ముక్కత్త చూపు గడప దగ్గరి మిషన్ మీద పడింది. మిషన్ మీద సగం అతికిన జాకెట్ చెయ్యి వేలాడుతోంది. ఆ చీకటిలో దారం కోసం చికిలించిన కళ్ళు గుర్తొచ్చాయి. వేడిగా ఉంటోందని చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. మాడబోయిన పాలు ఎన్నిసార్లు తను చూడకుండానే దిగిపోయి ఉంటాయో ఇప్పుడు తట్టింది.

"వాడికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మిమ్మల్ని పొయ్యి దగ్గరకు రానిస్తారా?" అంది కోడలు. "రానివ్వకపోతే మీరేం చేస్తారు? పొద్దస్తమానం కూర్చుని నా మీద పడతారు."

ముక్కత్తకు నవ్వు వచ్చింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

సాయంత్రం కొడుకు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆగిపోయాడు. అన్ని కిటికీలూ తెరిచే ఉన్నాయి, అయినా అతని ముక్కు తల్లి ముక్కుకు వారసు.

"పొయ్యి ఎవరు వదిలేశారు?"

"నేనే," అంది కోడలు మిషన్ దగ్గర నుంచి. "నూనె పొంగితే చూసుకోలేదు."

"నీకు బుద్ధుందా? రోజూ నెత్తీనోరూ కొట్టుకుని..."

"ఆగరా," అంది ముక్కత్త. "అది కాదు. నేను."

అతను తల్లి వైపు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. జ్వరం సంగతి చెప్పింది. సీసా తడిగా లేదని, తనే నూనె ముందు దించి కోడలి మీదకు తోసేశానని చెప్పింది. అగ్గిపుల్ల సంగతి కూడా చెప్పింది. గొంతు ఎక్కడా పెంచలేదు, ఎక్కడా ఆపలేదు. చెప్పడం అయ్యాక, "ఆ పేపరు పెద్దాయనకు చెప్పిందే నాకూ చెప్పు," అంది.

కొడుకు పీట కోసం చూడకుండా నేల మీదే కూర్చుండిపోయాడు. ఊళ్ళో అందరికీ గడగడా చెప్పే మాట ఇప్పుడు తడబడుతూ వచ్చింది. "రేపట్నుంచి నువ్వు ఆ గదిలోకి..." అని మొదలుపెట్టాడు.

"ఒక్కరే ఉంటే కదా," అంది కోడలు. "నేను గడపలోనే ఉన్నాగా ఇన్నాళ్ళూ."

అతను మిషన్‌ను చూశాడు, భార్యను చూశాడు. నిన్న అన్నం తింటూ తను అన్న మాట గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కడ చీకటి," అంది ముక్కత్త. "దాని కళ్ళు పోతాయి. నా ముక్కు పోయింది చాలు. మిషన్ మళ్ళీ కిటికీ కిందికి వెళ్ళాలి. పొయ్యి కూడా ముందుగదిలోకి, దాని పక్కకు జరుపు. నీకు చేతనైన పని అదొక్కటేగా."

అతను మర్నాడు సెలవు పెట్టి పొయ్యిని ముందుగదిలోకి, కిటికీకి అవతలి వారకు జరిపాడు. గొట్టం కొత్తది వేసి, గ్యాస్ కారుతోందేమోనని సబ్బునురగ రాసి చూసి, మళ్ళీ చూశాడు. వంట చేసే గదిలో చుట్టాలు ఎక్కడ కూర్చుంటారని అడగబోయి, తల్లి మొహం చూసి ఊరుకున్నాడు. ఈలోగా ముక్కత్త ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్ళింది. అక్కడ బట్టల కోసం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకుంది. ఆగలేదు.

"సీసా తడిగా లేదు నాయనా. మా కోడలు బాగానే ఆరబెట్టింది. నాకే వాసన తెలియడం లేదు. తెలియక ముందే దించేశా."

ఇస్త్రీ ఆయన పెట్టె నిలబెట్టాడు. ముక్కత్తకు వాసన తెలియకపోవడం అనే మాటను ఆయన మనసులో ఒకటికి రెండుసార్లు తిప్పుకుని ఉంటాడు. "అయితే ఇక నూనె ఎవరు కాస్తారు?" అన్నాడు.

"చూద్దాం," అంది ముక్కత్త.

సగంలో ఆగిన నూనెను ఆ మధ్యాహ్నమే మళ్ళీ పొయ్యి ఎక్కించింది. కిటికీలోంచి వెలుతురు మిషన్ మీదా పడుతోంది, గిన్నె మీదా పడుతోంది. ముక్కత్త గరిటె తిప్పుతూ వంగి వంగి మంట చూసుకుంటోంది. చిటపట తగ్గింది. మంట ఉంది. ఇంకా తగ్గింది. కోడలు మిషన్ తొక్కడం ఆపి తలెత్తింది.

ముక్కత్త వత్తి తీసి కోడలికి అందించింది. కోడలు దాన్ని గరిటెలోని నూనెలో ముంచి, పొయ్యికి దూరంగా గుమ్మంలోకి తీసుకెళ్ళి వెలిగించింది. వత్తి మాట్లాడకుండా మండింది. వీధిలో ఎవరైనా చూస్తారేమోనని కోడలు ఆర్పబోయింది.

"చూడనీలే," అంది ముక్కత్త. తరవాత అడిగింది, "వాసన ఎలా ఉంది?"

ఈ ప్రశ్న ఆమె ఇంకొకరిని అడగడం అదే మొదటిసారి. కోడలు గిన్నె మీదకు వంగి, వెనక్కి జరిగి, ఆలోచించింది.

"ఎలా చెప్పమంటారు... మీరు పక్కనుంచి వెళ్తే వస్తుంది చూడండి, అది."

"నా దగ్గర వాసన వస్తుందా?"

"నేను ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నుంచీ వస్తుంది. మీరు వస్తున్నారంటే ముందు అదే వచ్చేది. జ్వరంతో పడుకున్నారు చూడండి, అప్పుడు రాలేదు. దగ్గరకొచ్చి చూసినా రాలేదు." కోడలు వత్తిని నేల మీద అద్ది ఆర్పింది. "అప్పుడు భయమేసింది."

ముక్కత్త కొంగు చివర తీసి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. ఇంకాసేపు అలాగే ఉంచుకుంది.

"సరే," అంది. మసిగుడ్డ తీసి కోడలి చేతిలో పెట్టింది. "దించు."